ఫుల్ ఫ్రేమ్‌కు మారేముందు తేల్చుకోవలసిన లెన్సుల లెక్క

కెనాన్ 200డీ, నికాన్ డీ5600, సోనీ ఏ6000 వంటి ఏపీఎస్-సీ (వెలుగును ఫోటోగా మార్చే సెన్సారు చిన్నదిగా ఉండే) కెమెరాలతో కొన్నేళ్లు పనిచేసిన వారిలో చాలామందికి ఏదో ఒక దశలో పెద్ద సెన్సారుండే ఫుల్ ఫ్రేమ్ మీదికి మనసు మళ్లుతుంది. ఆ క్షణం నుంచి వారి వెతుకులాట అంతా బాడీల (లెన్సు లేని కెమెరాల) చుట్టూనే తిరుగుతుంది. ఏ మోడల్‌కు ఎన్ని మెగాపిక్సెల్స్, ఏది ఎంత వేగంగా ఫోకస్ చేస్తుంది, ఏది ఎంత తగ్గింపు ధరకు వస్తోంది అన్న ప్రశ్నలతోనే నెలలు గడిచిపోతాయి. చివరకు డబ్బంతా బాడీకే పోసి, దానితోపాటు వచ్చిన కిట్ లెన్సుతో సరిపెట్టుకుంటారు. చేతిలో పరిమితమైన డబ్బు ఉన్నవారికి ఇంతకంటే నష్టదాయకమైన పద్ధతి మరొకటి లేదన్నది నా అభిప్రాయం. ముందు మీకు కావలసిన రెండు లెన్సులు నిర్ణయించుకుని, అవి ఏ మౌంటులో (బాడీకి లెన్సు బిగించే అమరికలో) అందుబాటు ధరకు దొరుకుతాయో చూసి, మిగిలిన డబ్బుకు వచ్చే బాడీ తీసుకోవడమే సరైన క్రమం.

## లాభం నిజంగా ఎంత?

ఫుల్ ఫ్రేమ్ సెన్సార్ కొలత 36×24 ఎంఎం. నికాన్, సోనీ ఏపీఎస్-సీ సెన్సార్లు సుమారు 23.5×15.6 ఎంఎం ఉంటాయి, కెనాన్‌వి ఇంకాస్త చిన్నవి. వైశాల్యంలో చూస్తే ఫుల్ ఫ్రేమ్ దాదాపు 2.35 రెట్లు పెద్దది. ఒకే తరం సాంకేతికత ఉన్న రెండు కెమెరాలను పోల్చినప్పుడు, అదే అపర్చర్ (లెన్సులో వెలుగు వచ్చే రంధ్రం), అదే షట్టర్ స్పీడు వద్ద ఈ తేడా సుమారు ఒకటింబావు స్టాపుకు (ఒక స్టాపు అంటే వెలుగు రెట్టింపు) సమానం. అంటే ఏపీఎస్-సీలో ఐఎస్ఓ (వెలుగుకు సెన్సారు స్పందన స్థాయి) 3200 వద్ద కనిపించే నాయిజ్ (చుక్కచుక్కల గరుకుదనం), ఫుల్ ఫ్రేమ్‌లో 6400 దాటిన తరువాత కనిపిస్తుంది. ఇది మంచి లాభమే కానీ, అద్భుతమేమీ కాదు.

ఈ లాభాన్ని కిట్ లెన్సు ఎలా హరిస్తుందో ఒక ఉదాహరణతో చూద్దాం. కల్యాణ మండపంలో ఒకే చోట ఇద్దరు ఫోటోగ్రాఫర్లు నిలబడి, పెళ్లికూతురు ముఖాన్ని ఒకే ఫ్రేమింగ్‌తో తీస్తున్నారనుకోండి. మొదటివారి దగ్గర ఏపీఎస్-సీ బాడీ, సిగ్మా 18-50 ఎఫ్/2.8 లెన్సు ఉన్నాయి (ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే లెన్సు అంత ఎక్కువ వెలుగు తీసుకుంటుంది). రెండోవారి దగ్గర ఫుల్ ఫ్రేమ్ బాడీ, 28-70 ఎఫ్/3.5-5.6 కిట్ లెన్సు ఉన్నాయి. మొదటివారు 50 ఎంఎం దగ్గర ఎఫ్/2.8, ఐఎస్ఓ 3200తో తీయగలుగుతారు. రెండోవారికి 70 ఎంఎం దగ్గర ఎఫ్/5.6 మాత్రమే లభిస్తుంది కాబట్టి, అదే షట్టర్ స్పీడుకు ఐఎస్ఓ 12800కు వెళ్లవలసి వస్తుంది. లెన్సు వల్ల రెండు స్టాపులు పోయాయి, సెన్సార్ వల్ల ఒకటింబావు స్టాపు వచ్చింది. మొత్తం మీద ఎక్కువ డబ్బు పెట్టిన వ్యక్తి ఫోటోలోనే నాయిజ్ ఎక్కువ. నేపథ్యం బ్లర్ విషయంలోనూ ఇదే జరుగుతుంది. ఏపీఎస్-సీలోని ఎఫ్/2.8 ఫుల్ ఫ్రేమ్‌లో సుమారు ఎఫ్/4.2తో వచ్చే బ్లర్‌ను ఇస్తుంది కాబట్టి, ఎఫ్/5.6 కిట్ లెన్సు అందులోనూ వెనుకబడుతుంది.

అదే రెండో వ్యక్తి ఆ కిట్ లెన్సుకు బదులు 50 ఎంఎం ఎఫ్/1.8 పెట్టుకుని రెండడుగులు ముందుకు వేస్తే, ఐఎస్ఓ 1250 దరిదాపులకు దిగిపోతుంది. ఫుల్ ఫ్రేమ్ సొగసు బయటపడేది అక్కడే, ఆ లెన్సు చాలా మౌంటుల్లో తక్కువ ధరలో దొరికేవాటిలో ఒకటి కూడా. మీ దగ్గర ఇప్పుడు కిట్ లెన్సు తప్ప మరేదీ లేకపోతే, ముందుగా ఉన్న బాడీకే ఒక ఎఫ్/2.8 జూమ్ గానీ ఎఫ్/1.8 ప్రైమ్ (జూమ్ లేని లెన్సు) గానీ కొని కొన్నాళ్లు పనిచేయండి. అసంతృప్తి అక్కడితో తీరిపోతే మిగిలిన వ్యాసం మీకు అవసరం లేదు.

## దేన్ని బట్టి ఎంచుకోవాలి?

మొదటి ప్రమాణం ఆ మౌంటులో చవకైన, నాణ్యమైన లెన్సులు ఎన్ని ఉన్నాయన్నది. ఇందులో కొత్తవే కాక సెకండ్ హ్యాండ్‌లో దొరికేవీ, అడాప్టరుతో నడిచేవీ లెక్కలోకి వస్తాయి. రెండోది ఆటోఫోకస్. కదిలే పిల్లలను, తలంబ్రాలు పోసుకుంటున్న వధూవరులను తీసేవారికి కంటిని గుర్తించి వెంటాడే ఫోకస్ చాలా పని తగ్గిస్తుంది. ప్రకృతి దృశ్యాలు తీసేవారికి దానితో పెద్దగా పని లేదు. మూడోది బాడీలోనే ఉండే స్టెబిలైజేషన్ (చేతి వణుకును సరిచేసే ఏర్పాటు). తక్కువ ధర ప్రైమ్ లెన్సుల్లో చాలావాటికి సొంత స్టెబిలైజేషన్ ఉండదు కాబట్టి, బడ్జెట్ కొనుగోలుదారుకే ఇది ఎక్కువ ముఖ్యం. నాలుగోది కార్డు స్లాట్లు. డబ్బు తీసుకుని పెళ్లిళ్లు తీసేవారికి రెండు స్లాట్లు తప్పనిసరి, ఇంటి అవసరాలకు ఒకటి చాలు.

మెగాపిక్సెల్స్‌ను ఈ జాబితాలోంచి కావాలనే వదిలేశాను. మన దగ్గర పెళ్లి ఆల్బముల్లో ఎక్కువగా వాడే 12×36 షీటులో ఒక పేజీ 12×18 అంగుళాలు. 24 మెగాపిక్సెల్ ఫోటో పొడవు 6000 పిక్సెల్స్ కాబట్టి, అది పేజీ నిండా పరుచుకున్నా అంగుళానికి 333 పిక్సెల్స్ వస్తాయి. ముద్రణకు అది పుష్కలం.

బయటికి కనిపించని ఖర్చులు మరో సంగతి. మౌంటు మారితే ఫ్లాష్ ట్రిగ్గరు మారుతుంది, బ్యాటరీలు మారతాయి, ఫిల్టర్ల సైజు మారుతుంది. నికాన్ జడ్6 మొదటి తరం వంటి బాడీకి మామూలు ఎస్‌డీ కార్డు కాక ఖరీదైన ఎక్స్‌క్యూడీ లేదా సీఎఫ్ఎక్స్‌ప్రెస్ కార్డు కావాలి. ఇవన్నీ కలిసి ఖర్చు తడిసి మోపెడు కాకుండా, మొత్తం బడ్జెట్‌లో పదో వంతు ముందే పక్కన పెట్టుకోవాలి. మిగిలిన దానిలో సగానికి మించి బాడీకి పెట్టవద్దు.

పాత లెన్సులు కొత్త బాడీకి వస్తాయన్న ధీమా కూడా కొంత తగ్గించుకోవాలి. ఏపీఎస్-సీ కోసం చేసిన కెనాన్ ఈఎఫ్-ఎస్ లెన్సులు 6డీ వంటి ఫుల్ ఫ్రేమ్ డీఎస్ఎల్ఆర్‌కు (లోపల అద్దం ఉండే కెమెరాకు) అసలు బిగవు. అలాంటివే అయిన నికాన్ డీఎక్స్ లెన్సులు, సోనీ ఏపీఎస్-సీ లెన్సులు బిగుస్తాయి గానీ, బాడీ ఫ్రేమును కత్తిరించుకుని 24 మెగాపిక్సెల్స్‌కు బదులు సుమారు 10 మాత్రమే ఇస్తుంది.

## ఐదు మార్గాలు పక్కపక్కన

| మార్గం | బాడీలో స్టెబిలైజేషన్ | కార్డు స్లాట్లు | చవక లెన్సుల పరిస్థితి | ముఖ్యమైన లోపం |
|---|---|---|---|---|
| పాత డీఎస్ఎల్ఆర్: నికాన్ డీ750 (2014) | లేదు | 2 | సెకండ్ హ్యాండ్‌లో పుష్కలం | బరువు. కొత్త లెన్సులు రావు |
| పాత డీఎస్ఎల్ఆర్: కెనాన్ 6డీ (2012) | లేదు | 1 | సెకండ్ హ్యాండ్‌లో పుష్కలం | 11 ఫోకస్ పాయింట్లే |
| కెనాన్ ఆర్‌పీ (2019), ఆర్8 (2023) | లేదు | 1 | కెనాన్ డీఎస్ఎల్ఆర్‌ల ఈఎఫ్ లెన్సులు అడాప్టరుతో చక్కగా పనిచేస్తాయి | చిన్న బ్యాటరీ |
| నికాన్ జడ్5 (2020), జడ్5 రెండో తరం (2025) | ఉంది | 2 | మధ్యస్థం, మెరుగుపడుతోంది | మొదటి తరం నిదానం |
| సోనీ ఏ7 మార్క్ 3 (2018) | ఉంది | 2 | కొత్తవాటిలో అత్యధికం | పాత బాడీకీ ధర సులువుగా దిగదు |
| పానసోనిక్ ఎస్5 (2020), ఎస్5 మార్క్ 2 (2023) | ఉంది | 2 | సిగ్మా లెన్సుల అండ ఉంది | సెకండ్ హ్యాండ్ సరుకు తక్కువ |

### పాత డీఎస్ఎల్ఆర్

అత్యంత తక్కువ ఖర్చుతో ఫుల్ ఫ్రేమ్ చిత్రాలు కావాలంటే ఇప్పటికీ దారి ఇదే. పెళ్లి ఫోటోగ్రాఫర్లు మిర్రర్‌లెస్‌కు (అద్దం లేని కెమెరాలకు) మారుతుండటంతో వారి డీఎస్ఎల్ఆర్ లెన్సులు పెద్ద సంఖ్యలో అమ్మకానికి వస్తున్నాయి. నికాన్ ఏఎఫ్-ఎస్ 50 ఎఫ్/1.8జీ, 85 ఎఫ్/1.8జీ, కెనాన్ ఈఎఫ్ 50 ఎఫ్/1.8 ఎస్‌టీఎం, 1992 నుంచి ఉన్న 85 ఎఫ్/1.8 యూఎస్ఎం వంటివి ఈనాటికీ వంక పెట్టలేని ఫోటోలు ఇస్తాయి. డీ750లో ఫోకస్ మోటారు బాడీలోనే ఉండటం వల్ల ఇంకా పాతవైన ఏఎఫ్-డీ లెన్సులు కూడా ఆటోఫోకస్‌తో నడుస్తాయి. డీ5600 వాడుతున్నవారికి ఈ సౌకర్యం లేదు. మిర్రర్‌లెస్ నికాన్‌కు మారినా, పాత లెన్సులను బిగించే ఎఫ్‌టీజడ్ అడాప్టరులో మోటారు లేనందున ఈ సౌకర్యం రాదు.

6డీ విషయంలో నాది కొంచెం గట్టి అభిప్రాయం. దాని 11 ఫోకస్ పాయింట్లలో నమ్మదగినది మధ్యది ఒక్కటే. మసక వెలుతురులో ఆ మధ్య పాయింటు అద్భుతంగా పనిచేస్తుంది గానీ, ఎఫ్/1.8 దగ్గర ఫోకస్ పట్టి ఫ్రేము మార్చేలోపు కన్ను ఫోకస్‌లోంచి జారిపోతుంది. నిశ్చలంగా కూర్చున్న మనుషులకూ, గండికోట లోయ వంటి దృశ్యాలకూ అది మంచి కెమెరా. పరుగెత్తే పిల్లలకు కాదు. 51 పాయింట్లున్న డీ750 ఆ ఇబ్బందిని చాలావరకు తీరుస్తుంది. అయితే డీ750లో కొన్ని సిరీస్‌లకు షట్టర్ లోపం ఉన్నట్టు నికాన్ స్వయంగా ప్రకటించి ఉచితంగా మార్చింది కాబట్టి, కొనేముందు సీరియల్ నంబరు సరిచూసుకోవాలి.

### కెనాన్ ఆర్ఎఫ్

కెనాన్ ఏపీఎస్-సీ డీఎస్ఎల్ఆర్‌తో పాటు ఇప్పటికే రెండు మూడు ఈఎఫ్ లెన్సులు ఉన్నవారికి కెనాన్ మిర్రర్‌లెస్ మౌంటు అయిన ఇది సహజమైన మెట్టు. ఈఎఫ్ నుంచి ఆర్‌కు ఉన్న అడాప్టరులో అద్దాలు లేవు కాబట్టి నాణ్యత తగ్గదు, ఫోకస్ చాలా లెన్సులతో మునుపటి కంటే కచ్చితంగా ఉంటుంది. 485 గ్రాముల ఆర్‌పీ, 461 గ్రాముల ఆర్8 మెడకు తగిలించుకుని రోజంతా తిరిగినా భారమనిపించవు. ఆర్8లో ఫోకస్, 4కే వీడియో రెండూ ఆర్‌పీ కంటే ఒక తరం ముందున్నాయి.

చిక్కంతా కొత్త లెన్సుల్లో ఉంది. ఆర్ఎఫ్ 50 ఎఫ్/1.8, 16 ఎఫ్/2.8, 85 ఎఫ్/2 మాక్రో వంటి మంచి చవక ప్రైమ్‌లు ఉన్నాయి గానీ, వాటి తరువాత ధరలు ఒక్కసారిగా ఖరీదైన ఎల్ సిరీస్ స్థాయికి ఎగబాకుతాయి. 2024లో సిగ్మా, టామ్రాన్‌లు ఆర్ఎఫ్‌లోకి లైసెన్సుతో వచ్చినప్పుడు అవి తెచ్చినవి ఏపీఎస్-సీ లెన్సులు. సోనీ, ఎల్-మౌంటు (పానసోనిక్) వారికి దొరికే చవకైన ఫుల్ ఫ్రేమ్ ఎఫ్/2.8 జూమ్‌ల స్థానంలో ఇక్కడ కెనాన్ సొంత 28-70 ఎఫ్/2.8 ఎస్‌టీఎం ఉంది. అది మంచిదే గానీ చవక కాదు.

ఆర్8 గురించి మరో మాట. దానిలో పూర్తి మెకానికల్ షట్టర్ లేదు, మొదటి తెర ఎలక్ట్రానిక్. శబ్దం రాకుండా పూర్తి ఎలక్ట్రానిక్ షట్టర్‌తో తీస్తే మండపంలోని ఎల్ఈడీ లైట్ల కింద ఫోటోలో అడ్డచారలు పడతాయి. ఈ ధరల్లో దొరికే ఫుల్ ఫ్రేమ్ మిర్రర్‌లెస్ బాడీలన్నిటికీ ఇది వర్తిస్తుంది, ఎందుకంటే వాటి సెన్సార్లు ఫ్రేమును పైనుంచి కిందికి నిదానంగా చదువుతాయి. మన విద్యుత్ సరఫరా 50 హెర్ట్జ్ కాబట్టి, మామూలు లైట్ల కింద 1/50 లేదా 1/100 షట్టర్ స్పీడుకు కట్టుబడితే చారలు చాలావరకు పోతాయి. వేదిక వెనుక పెట్టే ఎల్ఈడీ తెరలు మాత్రం ఈ లెక్కకు లొంగవు.

### నికాన్ జడ్

జడ్5 మొదటి తరం సెకనుకు 4.5 ఫ్రేములే తీస్తుంది, 4కే వీడియోలో ఫ్రేమును 1.7 రెట్లు కత్తిరిస్తుంది. ఈ రెండూ మీకు అడ్డు కాకపోతే, స్టెబిలైజేషన్, రెండు ఎస్‌డీ స్లాట్లు, చక్కని వ్యూఫైండరు ఈ ధరలో ఇచ్చిన బాడీలు చాలా తక్కువ. రెండో తరంలో కొత్త ప్రాసెసరు, చురుకైన సెన్సారు రావడంతో నిదానం పోయింది. కొత్తది, బిల్లుతో, వారంటీతో కావాలనుకునేవారికి నేను ముందుగా చూడమనేది దీన్నే.

లెన్సుల్లో నికాన్ సొంత 40 ఎఫ్/2 బరువు 170 గ్రాములు, ధర తక్కువ, రోజువారీ వాడకానికి 50 కంటే సౌకర్యమైన కోణం. జడ్6, జడ్7లతో కిట్‌గా వచ్చినందున 24-70 ఎఫ్/4 ఎస్ సెకండ్ హ్యాండ్‌లో దాని నాణ్యతకు తగిన ధర కంటే తక్కువకే దొరుకుతుంది. బడ్జెట్ కొనుగోలుదారుకు ఏ మౌంటులోనైనా ఇంత మంచి బేరం మరొకటి నాకు కనిపించలేదు. కిట్ లెన్సులు జూమ్ చివర ఇచ్చే ఎఫ్/6.3 కంటే ఎఫ్/4 ఒక స్టాపుకు పైగా మెరుగు, అది జూమ్ పొడవునా మారదు కూడా.

### సోనీ ఈ-మౌంటు

లెన్సుల వైవిధ్యమే ప్రధానమైతే సోనీకి పోటీ లేదు. 2018లో టామ్రాన్ 28-75 ఎఫ్/2.8 వచ్చినప్పుడు ఫుల్ ఫ్రేమ్ ఎఫ్/2.8 జూమ్ అందరికీ అందుబాటులోకి వచ్చింది. బరువు 550 గ్రాములే. ఆ మొదటి తరం లెన్సు ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లో విరివిగా దొరుకుతుంది. 470 గ్రాముల సిగ్మా 28-70 ఎఫ్/2.8, ప్రయాణాలకు టామ్రాన్ 28-200 ఎఫ్/2.8-5.6, సోనీ సొంత 85 ఎఫ్/1.8 ఇవన్నీ ధరకు మించిన విలువ ఇచ్చేవే. సోనీ 50 ఎఫ్/1.8 మాత్రం చవకే గానీ, ఫోకస్ నిదానంగా, గరగరమంటూ కదులుతుంది. దాని బదులు సమ్యాంగ్ 45 ఎఫ్/1.8 చూడటం మేలు.

బాడీ విషయంలో ఏ7 మార్క్ 3 కంటే కిందికి దిగవద్దని నా సలహా. ధర చూసి మార్క్ 2 కొంటే పాత చిన్న బ్యాటరీతో, మసక వెలుతురులో తడబడే ఫోకస్‌తో సర్దుకోవలసి వస్తుంది.

### ఎల్-మౌంటు

పానసోనిక్, లైకా, సిగ్మా 2018లో కలిసి మొదలుపెట్టిన కూటమి ఇది. వీడియో ప్రధానంగా చేసేవారికి ఎస్5 మార్క్ 2 ధరకు తగినది. మొదటి ఎస్5లో వెంటనే పట్టే ఫేజ్ డిటెక్షన్ ఫోకస్ లేదు, కదిలే మనుషుల వీడియోలో ఆ కెమెరా ఫోకస్ కోసం వెతుక్కుంటుంది. స్థానికంగా సరుకు, సర్వీసు దొరకడం ఇతర మౌంట్లంత సులభం కాదు.

## ఎవరికి ఏది?

పెళ్లిళ్లకు రెండో కెమెరాగా, సంపాదనతో ఖర్చు రాబట్టుకోవాలనుకునేవారు ఏ7 మార్క్ 3, టామ్రాన్ 28-75 మొదటి తరం, 85 ఎఫ్/1.8 సెకండ్ హ్యాండ్‌లో తీసుకోవచ్చు. తెల్లవారుజాము ముహూర్తాల్లో జీలకర్ర-బెల్లం ఘట్టం ఒక్కసారే వస్తుంది, అడ్డంగా వీడియోగ్రాఫర్లు, బంధువులు నిలబడతారు. అక్కడ ప్రైమ్‌తో ముందుకు వెనక్కు కదిలే చోటు ఉండదు కాబట్టి ఎఫ్/2.8 జూమే ఆధారం. డబ్బు ఇంకా తక్కువైతే డీ750, 85 ఎఫ్/1.8జీ, పాత టామ్రాన్ 24-70 ఎఫ్/2.8 కలయిక అదే పని చేస్తుంది, భుజం మీద బరువు మాత్రం భరించాలి.

ఇంట్లో పిల్లల ఫోటోలు, పండుగలు, అప్పుడప్పుడు అరకు, లంబసింగి ప్రయాణాలు అనుకునేవారికి జడ్5, 24-70 ఎఫ్/4, 40 ఎఫ్/2 సరిగ్గా సరిపోతాయి. కెనాన్ ఈఎఫ్ లెన్సులు ఇప్పటికే ఉంటే ఆర్‌పీ, అడాప్టరు తీసుకుని, కొత్త లెన్సు ఒక్క 50 ఎఫ్/1.8తో ఆపేయవచ్చు.

పక్షులు తీసేవారికి ఫుల్ ఫ్రేమ్ వద్దనే చెబుతాను. నేలపట్టులో గూడబాతులను, పులికాట్‌లో ఫ్లెమింగోలను తీసేటప్పుడు దూరం మీ చేతిలో ఉండదు, ఏ లెన్సు పెట్టినా ఇంకాస్త దగ్గర కావాలనే అనిపిస్తుంది. ఏపీఎస్-సీ బాడీ మీద 400 ఎంఎం లెన్సు 600 ఎంఎం కోణాన్ని పూర్తి 20-24 మెగాపిక్సెల్స్‌తో ఇస్తుంది. అదే కోణం కోసం 24 మెగాపిక్సెల్ ఫుల్ ఫ్రేమ్ ఫోటోను కత్తిరిస్తే మిగిలేది 10. బాడీకి పెట్టే డబ్బును సిగ్మా లేదా టామ్రాన్ 150-600కు మళ్లిస్తే ఫలితం వెంటనే కనిపిస్తుంది.

అమెరికాలో ఉన్న బంధువుల ద్వారా తెప్పించుకునేవారు ఒక విషయం గమనించాలి. అక్కడి సెకండ్ హ్యాండ్ మార్కెట్ పెద్దది, వస్తువు స్థితిని గ్రేడులు వేసి అమ్ముతారు, ధరలూ ఆకర్షణీయంగా ఉంటాయి. కానీ ఆ వారంటీ సాధారణంగా ఇక్కడ చెల్లదు. లెన్సుకు ఆ సాహసం చేయవచ్చు గానీ, బాడీకి వద్దు.

## సెకండ్ హ్యాండ్ సరుకు చేతిలోకి తీసుకున్నప్పుడు

బాడీకి షట్టర్ కౌంట్ (ఇప్పటిదాకా తీసిన ఫోటోల సంఖ్య) చూడటం అందరూ చేస్తారు, కానీ పెళ్లిళ్లలో తిరిగిన కెమెరాకు అంతకంటే ముందు చూడవలసినవి హాట్ షూ (ఫ్లాష్ బిగించే గాడి), కార్డు తలుపు, డయల్స్. ఫ్లాష్ బిగించి కాస్త ఊపి చూడండి, వదులుగా ఉంటే ఆ కెమెరా ఎంత కష్టపడిందో తెలుస్తుంది. తరువాత లెన్సును ఎఫ్/16కు పెట్టి తెల్లని గోడను ఫోటో తీసి స్క్రీన్‌లో పెద్దది చేయండి. కదలకుండా ఒకేచోట నల్లని చుక్కలుంటే సెన్సారు మీద దుమ్ము, శుభ్రం చేయించవచ్చు. గీతల్లా ఉంటే వదిలేయండి.

విశాఖపట్నం, కాకినాడ, నెల్లూరు వంటి తీర ప్రాంతాల్లో వాడిన లెన్సులకు ఫంగస్ పెద్ద బెడద. అపర్చర్ పూర్తిగా తెరిచి, వెనుకనుంచి ఫోన్ టార్చి వేసి, లెన్సును కొద్దిగా వాలుగా పట్టుకుని చూస్తే అద్దాల మధ్య సాలెగూడు పోగుల్లాంటి తెల్లని గీతలు కనిపిస్తాయి. అంచున చిన్నగా ఉన్నా అలాంటి లెన్సు తీసుకోవద్దు, మిగిలిన లెన్సులతో పాటు ఒకే సంచిలో తేమ మధ్య ఉంచితే వాటికీ పట్టుకోవచ్చు. కొన్న మంచి లెన్సులను గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో దాచండి. రంగు మారే రకం జెల్ తీసుకుంటే, ఎప్పుడు వేడి చేసి మళ్లీ వాడాలో అదే చెబుతుంది.